తేదీ వేయని సెలవు చీటీ

మధ్యాహ్నం పన్నెండూ పదికి ఆ ఇంటి మెట్లెక్కుతున్నప్పుడు గడియారానికి ఒళ్ళు మండిపోతోంది.

గడియారం అంటే గోడకి వేలాడేది కాదు, మనిషే. ఇరవై ఆరేళ్ళ పోలీసు సర్వీసులో ఏ కేసు చేతికొచ్చినా మొదట "ఎన్ని గంటలకి?" అని అడిగీ అడిగీ డిపార్టుమెంటు చేత ఆ పేరు పెట్టించుకున్నాడు. రిటైరై ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నా ఆ పేరు వదల్లేదు. ఇప్పుడు మందుల శాఖ పెద్దలు ఒక విచారణ అప్పజెప్పి, గుండ్రటి సీలు వేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టారు. ఆ కాగితం పట్టుకుని మూడు రోజులుగా కాళ్ళరిగేలా తిరుగుతున్నాడు.

సంగతేమిటంటే, పోయిన నెల పదిహేడో తారీఖున ఉదయం పదకొండూ ఇరవైకి ప్రభుత్వ మందుల పరీక్షా కేంద్రం నుంచి పిల్లల జ్వరం సిరప్‌ ఒకదానికి 'నిక్షేపంగా వాడొచ్చు' అని సర్టిఫికెట్ వెళ్ళింది. నెల తిరక్కుండానే ఆ సిరప్ తాగిన తొమ్మిది మంది పిల్లలు మూత్రపిండాలు దెబ్బతిని ఆస్పత్రిలో పడ్డారు. సర్టిఫికెట్ మీద సంతకం అక్కడ అనలిస్టుగా పనిచేసే ఆవిడది. అది తన సంతకం కాదనీ, మంచంలో ఉన్న భర్తకి చాకిరీ చేసుకుంటూ ఆ వారమంతా సెలవులో ఉన్నాననీ ఆవిడ నిన్న చెప్పింది. అబద్ధం చెప్పే మొహంలా కనిపించలేదు. అందుకే, పొద్దున్నే పన్నెండింటికల్లా ఆవిడని అరెస్టు చేస్తానని బయల్దేరిన ఇన్‌స్పెక్టర్‌ని బతిమాలి నాలుగింటి దాకా ఆపాడు. ఆ ఇన్‌స్పెక్టర్ స్వయానా అతని బామ్మర్ది. బామ్మర్దిని బతిమాలడమంత నామోషీ గడియారానికి ఈ లోకంలో ఇంకోటి లేదు.

పోనీ సంతకం సంగతి చేతిరాత నిపుణుడు తేలుస్తాడు కదా అని ఫోన్ చేస్తే, ఆయన సెలవులో ఉన్నాడు, ఇంకో పద్దెనిమిది రోజుల దాకా రాడు. సిరప్ నమూనా అందుకున్న గుమాస్తాని అడుగుదామంటే భార్యకి పురుడొచ్చిందని అతనూ సెలవే. సెలవులో ఉన్నవాళ్ళని ఆఫీసు పని మీద పిలవకూడదని రూలట. నేరానికి అడ్డురాని రూలు విచారణకి అడ్డొచ్చిందని గడియారం పొద్దున్నించీ తనలో తానే సణుక్కుంటున్నాడు.

పది గంటలకి పరీక్షా కేంద్రం సూపరింటెండెంటు ఎంతో మర్యాదగా కుర్చీ వేసి, హాజరు పట్టీ తీసి చూపించాడు. మెత్తటి మాట, తెల్లటి చొక్కా. సెలవు రూళ్ళన్నీ నంబర్లతో సహా అప్పజెబుతాడు. ఆయన హయాంలో ఎవరికీ ఒక్క సెలవు కోత పడలేదని ఆఫీసులో ఆయన్ని ధర్మప్రభువు అంటారు. పట్టీలో పద్నాలుగు నుంచి పంతొమ్మిది దాకా ఆరు రోజులూ ఆవిడ సంతకాలు వరసగా ఉన్నాయి. సెలవు దరఖాస్తు మాత్రం ఇరవై రెండు నుంచి ఉంది. ముప్ఫై రోజులకి పెట్టుకున్నది ఇవాళ్టితో అయిపోతోంది. అంటే ఆవిడ చెప్పింది అక్షరాలా అబద్ధం. అప్పుడెక్కిన మంటతోనే గడియారం ఈ మెట్లెక్కాడు.

ముందుగదిలోనే మంచం. దాని మీద ఆవిడ భర్త, నడుముకి వెడల్పాటి బెల్టుతో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. క్రేన్ ఆపరేటరు. మూడు నెలల కిందట పడి వెన్నుకి ఆపరేషనయింది. పక్కకి తిరగాలన్నా భార్య చెయ్యి కావాలి. తలగడ పక్కన ఫోను, స్టూలు మీద మందుసీసాలు. అనలిస్టు కొలత గ్లాసు కడుగుతూ తలెత్తి చూసింది.

గడియారం కుశలప్రశ్నలు వెయ్యలేదు. "పదిహేడో తారీఖున ఆఫీసుకి ఎన్ని గంటలకి వెళ్ళారమ్మా?" అన్నాడు.

"వెళ్ళలేదండీ. సెలవులో ఉన్నానని చెప్పాను కదా."

"పట్టీలో ఆరు రోజులూ సంతకాలున్నాయి. మీవే. కళ్ళజోడు పెట్టుకునే చూశాను."

ఆవిడ తల దించుకుంది. గ్లాసు కడిగిందే కడుగుతోంది. గడియారం గంటన్నర సేపు తిప్పి తిప్పి అడిగాడు. పక్కింటివాళ్ళు చూశారా, డాక్టరు వచ్చాడా, ఎవరైనా ఫోన్ చేశారా అని. భర్త తప్ప సాక్షి లేడు. భర్త మాట ఏ పోలీసూ నమ్మడు. సంతకాల ఊసెత్తితే మాత్రం ఆవిడ మందుసీసాలు సర్దటం మొదలుపెట్టేది. గడియారానికి తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగింటికి పోలీసులొచ్చి తీసుకుపోతారు, అప్పుడు ఈ మనిషికి మందెవరు పోస్తారో మీరే ఆలోచించుకోండి అని లేచాడు.

మంచం మీంచి భర్త అన్నాడు: "చెప్పెయ్. నా మీద ఒట్టు. ఇంకా ఎవరి కోసం దాస్తావు?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆ ఆఫీసులో ఎవరూ సెలవుని సెలవుగా వాడుకోరట. రాలేని రోజు ఉంటే, తేదీ వేయకుండా ఒక సెలవు చీటీ రాసి ధర్మప్రభువు చేతికిచ్చి వెళ్ళిపోతారు. అది ఆయన డ్రాయర్లో ఉంటుంది. ఈలోగా పైనించి ఎవరైనా తనిఖీకి వస్తే, ఆయన తేదీ వేసి ఫైల్లో పెడతాడు. ఎవరూ రాకపోతే, వాళ్ళు తిరిగొచ్చిన రోజున చీటీ చింపేస్తాడు. వాళ్ళు పట్టీలో ఖాళీగా ఉన్న గళ్ళన్నీ ఒక్కసారే సంతకాలతో నింపేస్తారు. సెలవు మిగులుతుంది, హాజరూ నిండుతుంది. ఎన్నో ఏళ్ళుగా సాగుతున్న ఆనవాయితీ. ఆవిడా అలాగే ఇరవై ఒకటో తారీఖున ఒక గంట వెళ్ళి ఆరు గళ్ళూ నింపి, ఆ మర్నాటి నుంచి అసలు సెలవు పెట్టుకుంది.

గడియారం నెత్తి కొట్టుకున్నాడు. ఇంట్లో మనిషికి జబ్బు చేస్తే తొంభై రోజుల దాకా సెలవు, ఆ తొంభై రోజులూ ఉద్యోగానికి ఢోకా లేదు, మీ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టకూడదు, అదంతా చట్టం ఇచ్చిన హక్కు కదమ్మా, హక్కుగా వచ్చేదాన్ని వదిలేసి దొంగ సంతకాలేమిటని చడామడా కేకలేశాడు.

"ఏడాది లోపల ఇంకో ఆపరేషను ఉందన్నారండీ డాక్టరు. ఆ రోజుల్ని దానికి దాచుకున్నాను. మాకు నా జీతం ఒక్కటే."

ఆ మాటతో గడియారం గొంతు తగ్గింది. అయినా కోపం పూర్తిగా పోలేదు. "నిన్ననే చెప్పి ఉంటే నాకు ఒక రోజు కలిసొచ్చేది. జైలుకైనా పోతాను గానీ ఈ మాట చెప్పననుకున్నారా?"

"సర్టిఫికెట్ నేనివ్వలేదు కదండీ. చెయ్యని తప్పుకి ఎవరేం చేస్తారులే అనుకున్నాను. సంతకాలు మాత్రం పెట్టాను. రాని రోజుకి వచ్చినట్టు సంతకం పెడితే ఉద్యోగం తీసేస్తారు. చేసినదానికే కదండీ భయం."

ల్యాబు తాళాలు ఎవరి దగ్గరుంటాయని అడిగాడు. రెండే ఉన్నాయి, ఒకటి తన దగ్గర, రెండోది సూపరింటెండెంటు గారి దగ్గర అంది ఆవిడ. గడియారం చెప్పుల్లో కాళ్ళు దూర్చి, తలుపు వేసుకోండి, నేను ఫోన్ చేసేదాకా ఎక్కడికీ కదలకండి అని చెప్పి దిగాడు. సందు చివర దాకా వచ్చాక గానీ ఆటోరిక్షా దొరకలేదు. అది దారిలో రెండు సార్లు ఆగింది. రెండు సార్లూ గడియారం దిగి తోశాడు.

పరీక్షా కేంద్రం చేరేసరికి రెండూ నలభై. ధర్మప్రభువు కుర్చీ ఖాళీగా ఉంది. వరండాలో స్టూలు మీద కూర్చున్న అటెండరు, ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసున్న మనిషి, లేచి నిలబడి పెద్దసారు రెండింటికి హాఫ్ డే సెలవు పెట్టి వెళ్ళారని చెప్పింది. ఇవాళ ఎక్కడికీ వెళ్ళొద్దని పొద్దున్నే ఆయనకి ప్రత్యేకంగా చెప్పి వెళ్ళిన గడియారానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ సెలవులు కనిపెట్టినవాడు ఎదురుపడితే వాడికి ఇంకెప్పటికీ సెలవు అక్కర్లేకుండా చేస్తానన్నాడు. అటెండరు భయపడి మంచినీళ్ళు తెచ్చింది.

నీళ్ళు తాగుతూ పట్టీ తెరిచాడు. పొద్దున సంతకం ఎవరిదన్నదే చూశాడు, ఎలా ఉందన్నది చూడలేదు. ఇప్పుడు చూస్తే పప్పులో కాలేసినట్టు తెలిసింది. పట్టీ పక్కన మేజాకి దారంతో కట్టిన పెన్ను ఒకటుంది. అందరూ దానితోనే సంతకం పెడతారు. పద్నాలుగు, పదిహేను, పదహారు తారీఖుల్లో పది మంది సంతకాలూ నీలం సిరాతో ఉన్నాయి. పదిహేడు నుంచి నలుపు. ఏమ్మా, పెన్ను ఎప్పుడు మార్చారని అడిగితే, పదిహేడో తారీఖు పొద్దున నీలం పెన్ను రాయనంటే తనే మార్చి కట్టానని అటెండరు చెప్పింది. అనలిస్టువి మాత్రం ఆరు సంతకాలూ నలుపే. పద్నాలుగో తారీఖున కూడా నలుపే. అప్పటికింకా ఆ పెన్ను అక్కడికి రానే లేదు.

సరిగ్గా అప్పుడే, రెండూ యాభై అయిదుకి, ఇద్దరు కానిస్టేబుళ్ళతో ఇన్‌స్పెక్టర్ దిగాడు. కొత్త బూట్లు, చంకలో లాఠీ. పట్టీ స్వాధీనం చేసుకుని అటు నుంచి అటే అరెస్టుకి వెళ్తాడట.

"బావా, నువ్వు రిటైరయ్యావు. అక్క నీకా సంగతి చెప్పలేదా?"

గడియారం పళ్ళు బిగబట్టి సిరా చూపించాడు. ఇన్‌స్పెక్టర్ పట్టీ మీదకి వంగి, చూసి, నవ్వాడు. "ఇంకా మంచిది. అంటే దొంగ సంతకాలన్నమాట. ఇక్కడ పెట్టిన చెయ్యి సర్టిఫికెట్ మీద పెట్టదా?"

"ఇక్కడ పెట్టింది తన సంతకమేరా, ఎవరిదో కాదు. ఆ వారం ఈ గడప తొక్కలేదు కాబట్టే తర్వాత వచ్చి పెట్టాల్సొచ్చింది. గడప తొక్కని మనిషి సర్టిఫికెట్ ఎలా ఇస్తుంది?"

"అది నువ్వంటున్న మాట. పట్టీ ఆమె ఉందంటోంది. కోర్టుకి పట్టీ కావాలి గానీ నీ కళ్ళజోడు కాదు."

ఇద్దరూ పది నిమిషాలు వాదించుకున్నారు. ఒకరికొకరు పాత కేసులు ఎత్తిపొడుచుకున్నారు. ఎప్పుడో తన పెళ్ళిలో బావ అలిగిన సంగతి కూడా ఇన్‌స్పెక్టర్ మధ్యలోకి లాగాడు. కానిస్టేబుళ్ళు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. చివరికి గడియారం ఇదంతా గోడకి చెప్పుకున్నట్టే ఉందని విడిచిపెట్టి, అటెండరు వైపు తిరిగి పెద్దసారు డ్రాయరు తెరవమన్నాడు.

ఆవిడ కదల్లేదు. సెలవులో ఉన్నవాళ్ళ డ్రాయరు ముట్టుకోకూడదని రూలు సారూ అంది. గడియారం గుండ్రటి సీలున్న కాగితం తీసి మేజా మీద పరిచాడు. ఆవిడ దాన్ని చూసింది, ఇన్‌స్పెక్టర్ని చూసింది, కొంగు ముడి విప్పి తాళంచెవి బయటికి తీసింది. తుడిచే పని తనదే కాబట్టి ఆవిడ దగ్గర ఒకటి ఉంటుందట.

"నా చీటీ కూడా అందులోనే ఉంది సారూ. తెరిస్తే నాది నాకిచ్చెయ్యండి" అంది మెల్లిగా.

ఆవిడ చెబితే తెలిసింది, చీటీలు అవసరమైనప్పుడు రాసేవి కూడా కాదని. ఒకటి చింపగానే ఇంకోటి రాయించి పెట్టుకుంటాడట ధర్మప్రభువు. పదకొండు మందివీ, తలా ఒకటి, ఎప్పుడూ ఆయన డ్రాయర్లో సిద్ధంగా ఉంటాయి. అందరూ తమ చేత్తో రాసి, కింద సంతకం పెట్టి, తేదీలు మాత్రం ఖాళీ వదిలేసినవి. అది మేలనుకుని ఇన్నేళ్ళూ అందరూ ఆయనకి దణ్ణాలు పెట్టారు.

డ్రాయర్లో క్లిప్పు పెట్టిన కట్ట కనిపించింది. గడియారం లెక్కపెట్టాడు. పది. ఒక్కొక్కటీ తిరగేసి పేర్లు చూశాడు. అనలిస్టుది లేదు. డ్రాయరు వెనక్కంటా చెయ్యి పెట్టి తడిమితే, తపాలా మీద వేసే తేదీ సీలు, దాని కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం దొరికాయి. సీలు ఇక్కడికెలా వచ్చిందని అటెండరు ఆశ్చర్యపోయింది. అది వరండాలో తన బల్ల మీద ఉండాలి, రోజూ పొద్దున పదింటికి చక్రాలు తిప్పి తేదీ మార్చేది తనే.

కాగితం అనలిస్టు చీటీయే. ఇన్‌స్పెక్టర్ దాన్ని చేతిలోంచి లాక్కుని చదివి, బావ మొహం మీద ఆడించాడు. భర్త అనారోగ్యం వల్ల తొంభై రోజులు సెలవు కోరుతూ, పొరుగూరికి వెళ్తున్నానని రాసి ఉంది.

"చూశావా? పారిపోవడానికి అంతా సిద్ధం చేసుకుంది. నువ్వేమో నాలుగింటి దాకా ఆగమన్నావు. నీ మాట విన్నందుకు నన్ను నేను కొట్టుకోవాలి."

గడియారం కాగితం తిరిగి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మంచం మీంచి కదల్లేని మొగుణ్ణి వదిలి ఆవిడ పొరుగూరికి వెళ్తుందా? రాతంతా ఆవిడదే, సందేహం లేదు. 'పొరుగూరికి వెళ్తున్నాను' అన్న చివరి వాక్యం మాత్రం ఇరుకుగా, సంతకానికి పైన మిగిలిన జాగాలో, వేరే చేత్తో ఇరికించి ఉంది. తేదీలూ, తొంభై అన్న అంకె కూడా ఆ చేతివే. ఎడమ పక్క మార్జిన్లో ఎర్రసిరాతో మూడు లైన్లు: 'దరఖాస్తుదారు స్వయంగా వచ్చి అందజేశారు. ఉదయం 10.15. మంజూరు చేయడమైనది.' కింద సూపరింటెండెంటు సంతకం, పక్కన తపాలా సీలు. అంతా పద్ధతి ప్రకారం ఉంది. గడియారం సీలు మీద తేదీ చదివాడు. మళ్ళీ చదివాడు. బల్ల మీదున్న సీలు తిరగేసి చక్రాలు చూశాడు. 

"తారీఖు చదవరా" అన్నాడు.

"రేపటిది" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తప్పు పడిందేమో."

"టైముతో సహానా? రేపు పదింపావుకి ఆమె వచ్చి, ఈ కాగితం తన చేత్తో ఇచ్చి వెళ్ళిపోయిందని ఇవాళే రాసి పెట్టుకున్నాడు. అది చూసి నువ్వేమనుకుంటావు? పారిపోయిందనుకుంటావు. ఒక్క నిమిషంలో అనుకున్నావు కూడా. ఊరూరా వెతుకుతావు, దొరకదు, తను దొంగ సంతకంతో ఇచ్చిన సర్టిఫికెట్ పాపం ఆమె నెత్తిన పడి కేసు మూతపడుతుంది. నేను రాలేదు, నేనివ్వలేదు అని రేపు ఆమె ఒక్క మాటంటే ఇదంతా తలకిందులైపోదూ? ఇంత ధైర్యంగా రాశాడంటే, రేపు ఆ మాట అనడానికి ఆమె ఉండదని వాడికి తెలుసు."

ఇన్‌స్పెక్టర్ చంకలోంచి లాఠీ జారింది. దాన్ని తీసుకోవాలని కూడా అతనికి తోచలేదు.

పొద్దున ఈ గదిలోనే కూర్చుని, చేతిరాత నిపుణుడు సెలవు నుంచి రాగానే సంతకం గుట్టు తేలిపోతుందండీ అని ధర్మప్రభువుకి తను చెప్పిన సంగతి గడియారానికి గుర్తొచ్చింది. సాయంత్రం నాలుగింటికి ఆవిడని పోలీసులు తీసుకెళ్తారని కూడా చెప్పాడు. ఎంత టైముందో వాడికి లెక్కగట్టి మరీ చేతిలో పెట్టాడు. తన నోరు తనే కొట్టుకోవాలనిపించింది. బామ్మర్ది మాట విని పన్నెండింటికే అరెస్టు కానిచ్చి ఉంటే, ఆమె ఈపాటికి స్టేషన్లో, నలుగురు కానిస్టేబుళ్ళ మధ్య, క్షేమంగా ఉండేది.

వెంటనే ఆ ఇంటికి ఫోన్ కలిపాడు. మూడూ ఇరవై అయింది. రెండో రింగుకే భర్త ఎత్తాడు. గొంతు హుషారుగా ఉంది. మధ్యాహ్నం ఆ ఇంట్లో ఎక్కడా వినిపించని హుషారు. గడియారం నోరు తెరిచేలోపే అతను మాట్లాడటం మొదలుపెట్టాడు.

మీరు పంపించారట కదండీ, సూపరింటెండెంటు గారు స్వయంగా కారు వేసుకుని వచ్చారు, ఎంత మంచివారండీ ఆయన అన్నాడు. రేపు డ్యూటీలో చేరే కాగితం మీద ఇవాళే సంతకం పెట్టేస్తే, పోలీసులు తీసుకెళ్ళినా పోస్టు ఖాళీ అయినట్టు చూపరట. ఉద్యోగానికి భయం లేదట. ఆ మాట విన్నాక ఆమె చీర కూడా మార్చుకోకుండా బయల్దేరిందట. మూడింటికి ఇంకా అయిదు నిమిషాలుందనగా వెళ్ళారట.

కేంద్రం నుంచి ఆ ఇంటికి కారులో పది నిమిషాల దారి. గడియారం ఫోన్ చెవికి ఆనించుకునే అటెండరు వైపు చూశాడు. ఆవిడ వాకిలి దాకా వెళ్ళి, వీధి అటూ ఇటూ చూసి, ఎవరూ రాలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఇన్‌స్పెక్టర్ అప్పటికే టోపీ మర్చిపోయి, కారు నంబరు కనుక్కోండని కానిస్టేబుళ్ళ మీద అరుస్తూ జీపు వైపు పరుగెడుతున్నాడు.

"వచ్చేసిందా అండీ అక్కడికి?" అంటున్నాడు భర్త. "ఒక్కసారి ఫోన్ తనకివ్వండి. మూడింటి మందు ఏ సీసాలోదో చెప్పకుండా వెళ్ళింది."